పులిసిన వాన

మా బాల్కనీలో తులసికుండీ పక్కన ఒక ఇత్తడి గంగాళం ఉంది. వాన పడిన రోజు దాని మీదకు వంగితే తడిసిన ఇత్తడి వాసన, కాస్త చిలుము వాసన, వాటి అడుగున ఎక్కడో నవాసారం పొగ వాసన తగులుతాయి. ఆ మూడోది నిజంగా ఉందో, నా ముక్కే కల్పించుకుంటోందో తెలియదు. ఉద్యోగమంతా ప్రయోగశాలలో గడిపిన మనిషిని, అరవై ఏళ్ల కిందటి పొగ ఇంకా ఉండదనే చెప్పాలి. అయినా తగులుతుంది.

గంగాళం మా మామ్మది. అరవైల్లో అనకాపల్లిలో బెల్లం వ్యాపారం చేసే ఇల్లు మాది; గుమ్మంలో అడుగుపెడితే చాలు బెల్లం దిమ్మల తీపి, తడిగోనెల వాసన, కాళ్లకి చీమలు. మా నూతినీళ్లు ఉప్పన, వాటిలో కందిపప్పు చచ్చినా ఉడికేది కాదు కాబట్టి ఆషాఢం నుంచి కార్తీకం దాకా పప్పుకీ, తాగడానికీ వాననీళ్లే. అందుకు మామ్మ దగ్గర ఒక పద్ధతి ఉండేది. మొదటి వాన పెంకులు కడుక్కోవడానికి, రెండోది మొక్కలకి, మూడో వాన మాత్రమే మనకి. పెరట్లో నాలుగు గుంజలకి పాత పంచె కట్టి, మధ్యలో గులకరాయి వేసి, దాని కింద గంగాళం పెట్టేది. ఆకాశం నుంచి నీళ్లతోపాటు ఇంకేదో కూడా దిగుతుందని ఆవిడకి ఎవరు చెప్పారో! నేను లావుపాటి పుస్తకాల్లో చదువుకున్నది ఆవిడ ఒక పంచెతో చేసేసింది.

నీళ్లు తగిలి ఇత్తడి చిలుమెక్కకుండా గిన్నెల లోపల తగరం పూసి కళాయి వేసే మస్తాన్ సాయిబు ఏటా వేసవి చివర మా వీధికి వచ్చేవాడు. నేలలో గొయ్యి తవ్వి, తోలుతిత్తి అమర్చి, బొగ్గులు రాజేస్తే పిల్లలమంతా చుట్టూ చేరేవాళ్లం. కాలిన గిన్నెలో నవాసారం ఉప్పు చల్లగానే తెల్లటి పొగ గుప్పున లేచేది. అందులో దగ్గకుండా ఎక్కువసేపు నిలబడినవాళ్లు గెలిచినట్టు, నేనెప్పుడూ ఓడిపోయినట్టు. తగరం ముక్క తాకించి దూదితో ఒక్క తుడుపు తుడిచేసరికి పచ్చటి ఇత్తడి లోపల వెన్నెల పరిచినట్టయ్యేది.

ఆ ఏడు, నాకు తొమ్మిదేళ్లో పదేళ్లో, వినాయక చవితికి ముందు మామ్మ గంగాళం తోమమంది. బయట చింతపండుతో తోమాలి, లోపల ఉత్త నీళ్లతో కడగాలి, కళాయి మీద ఇటుకపొడి తగలకూడదని మా ఆడపిల్లలకి మాటలతోపాటే నేర్పేవారు. బయట బంగారంలా మెరిసింది. లోపల మాత్రం మాసినట్టు కనిపించింది. వంటింట్లో ఉండ్రాళ్లకి బియ్యం విసురుతున్న తిరగలి చప్పుడు వింటూ, మామ్మ మెచ్చుకుంటుందని, చింతపండూ ఇటుకపొడీ కలిపి లోపల కూడా బంగారం వచ్చేదాకా రుద్దాను. అక్కడక్కడ వచ్చింది. ఎంత మురిసిపోయానో!

మూడు రోజులు వాననీళ్లు అందులో నిలిచాయి. పండగ మర్నాడు ఆ నీళ్లు తాగి తమ్ముడు వాంతులు చేసుకున్నాడు. వంపేసి చూస్తే అడుగున ఆకుపచ్చటి చిలుము. మామ్మ మస్తాన్‌కి కబురు పెట్టింది.

“ఏటి మస్తానూ ఈ పని? కళాయేసి నిండా నాలుగు నెల్లు కాలేదు. పిల్లడు పొద్దున్నించీ కక్కుతన్నాడు.”

అతను గంగాళాన్ని వెలుగుకి వంచి వేలితో లోపల నిమిరాడు. వేలు ఒకచోట ఆగింది. తలెత్తి నావైపు చూశాడు. గోళ్లలో ఎర్రటి పొడి ఇంకా ఉందేమోనని చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

“నా పనిలో ఖరాబు లేదు మామ్మగారూ. ఈ యేడు వాన పులిసిపోనాది. అదే తినేసింది.”

“వాన పులవడమేటి? అదేటి, మజ్జిగా? పని సెడగొట్టి కతలు సెప్తన్నావా?”

ఆ తర్వాత మా ఇంటి గిన్నె అతని చేతికి వెళ్లలేదు. మామ్మ మాటే వీధి మాట, అతనికి మా వీధిలో పని లేకుండా పోయింది. చినుకు పడితే చాలు, పిల్లలు “మస్తాన్ మజ్జిగ పడతన్నాది!” అని అరిచేవారు. నేనూ అరిచాను. ఏటికొప్పాక వైపు ఊళ్లు పట్టుకు తిరుగుతున్నాడని విన్నాం. ఒకసారి బజారులో ఎదురై నవ్వుతూ, “ఏటి పాపా, వానింకా పుల్లగున్నాదా?” అన్నాడు. నేను పరిగెత్తాను.

పెద్దయ్యాక నాకు దొరికిన ఉద్యోగం, నమ్మండి నమ్మకపోండి, వాననీళ్ల పులుపు కొలవడం. మొదట్లో మన దుమ్ములో ఉండే సున్నం ఆ పులుపుని విరిచేసేది. ఏళ్లు గడిచేకొద్దీ అంకెలు మెల్లగా పులుపు వైపు జారాయి. పుల్లటి వాన మొదటిసారి నా సీసాలో పడిన రోజు, మస్తాన్ నిజమే చెప్పాడని ఎగిరి గంతేయబోయి, సిగ్గుతో కూలబడ్డాను. అతను నన్ను కాపాడ్డానికి అబద్ధమాడాడనే కదా అన్నాళ్లూ అనుకున్నది! ఆ రోజుల్లో విశాఖ ఒడ్డున కొత్త పొగగొట్టాలు లేచిన మాట నిజం. కానీ వానాకాలపు గాలి మా వైపు నుంచి అటు పోతుంది గానీ అటు నుంచి ఇటు రాదు. ఆ గాలి ఒక్కరోజైనా ఎదురు తిరిగి ఉండదా? ఊరూరా గిన్నెలు చూసే మనిషి, మాకంటే ముందే ఏదైనా గమనించాడా? ఆనాటి వానని ఎవరూ సీసాలో పట్టలేదు. ఇటుకపొడి ఎంత, వాన ఎంత అన్నది నాకు ఈనాటికీ తేలలేదు.

పెంకుటిల్లు లేదు, గుంజలకి కట్టిన పంచె లేదు, కళాయి వేసేవాళ్లు ఎక్కడున్నారో తెలియదు, పప్పు కుక్కర్లో ఉడికిపోతోంది. మస్తాన్ ఎప్పుడు పోయాడో నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నిన్నటి వానకి నిండిన గంగాళంలోకి తొంగిచూసి మా మనవరాలు, “అమ్మమ్మా, లోపల ఈ గీతలేంటి?” అంది.

“వాన...” అని మొదలుపెట్టి ఆగిపోయాను.

“ఇటుకపొడితో నేనే రుద్దాను” అన్నాను. అది మా మామ్మకి చెప్పవలసిన మాట.