ఎవరూ కాదని నేను రాసిన మొగం

2022లో జరిగిన మాట ఇది. అప్పటికి నేను బెంగళూరులో ట్రేడ్‌మార్కులు చూసే ఒక వకీలు మేడమ్ ఆఫీసులో చేరి రెండేండ్లయింది. పీయూసీ అయినాక టైపింగు నేర్చుకొని పోయినదాన్నే గానీ లా చదివినదాన్ని కాదు. పొద్దున్నే మారికుప్పంలో రైలెక్కేది, సాయంత్రం మళ్ళీ అదే రైలు పట్టుకోని ఇంటికొచ్చేది. పనికంటే రైల్లో మాటలే నాకు జాస్తి అని మా అమ్మ ఇప్పుడూ తిడతాది.

ట్రేడ్‌మార్క్ అంటే శానామందికి తెలిసిందే. సరుకు మీద ఉండే పేరో బొమ్మో మాది అని గవర్నమెంటు కాడ రాయించుకునేది. తెలియనిది ఏమంటే, ఇక్కడ రాయించుకుంటే అది ఇక్కడికే చెల్లుతాది. అమెరికాలో అమ్మాలంటే అమెరికాలో మళ్ళీ రాయించుకోవాల. లేదంటే అక్కడ ఇంకెవడో ముందుగా పోయి నాది అనేస్తాడు.

మా ఊరినుంచి అట్ల అమెరికాకని వచ్చిన మొదటి కేసు రాబర్ట్‌సన్‌పేట రమణప్పన్నది. రాగి మాల్టు వ్యాపారం. వాళ్ళ నాయన మొదలుపెట్టింది. మైన్స్ లైన్లల్లో, అంటే బంగారు గనుల పనోళ్ళ ఇండ్లల్లో, పిల్లలంతా ఆ మాల్టు తాగి పెరిగినోళ్ళమే. ప్యాకెట్టు మీద పైనుంచి కిందిదాకా ఒక ఆడమనిషి మొగం. మా ఊరి కేసు కదా, నాకు కాళ్ళు నేలమీద నిలవలేదు. అంతా నేనే చేస్తాను మేడమ్ అనేసినాను.

మార్క్ డిస్క్రిప్షన్ అని ఒకటి రాయాల మా పనిలో. బొమ్మను చూడనోళ్ళకి గూడా తెలిసేటట్ల మాటల్లో చెప్పాల. కొప్పు చుట్టూ కనకాంబరాలు, రెండుపక్కలా ముక్కుపుడకలు, రూపాయంత బొట్టు, గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలు. స్క్రీను మీద పెద్దది చేసి చేసి చూసి రాసినాను. మేడమ్ చదివి, "ఏమీ వదల్లేదే నువ్వు" అనింది. ఆ పొద్దంతా గాల్లోనే ఉండాను.

కొన్నాళ్ళకి అమెరికానుంచి ఆఫీస్ యాక్షన్ వచ్చింది. అంటే అక్కడి ఆఫీసరు పెట్టే అడ్డంకులు, అడిగే ప్రశ్నలు. దాంట్లో ఒకటి ఇది: బొమ్మలో ఉండేది బతికుండే మనిషా? అయితే ఆ మనిషి ఒప్పుకొని సంతకం పెట్టిన కన్సెంట్ పంపండి.

రమణప్పన్నకి ఫోన్ చేసినాను. అంగట్లో గిరాకీ మధ్యలో ఉండాడు.

"అన్నా, ప్యాకెట్టు మీద ఉండే ఆయమ్మ ఎవరు?"

"ఎవరూ కాదమ్మా, బొమ్మ. మా నాయన ఎవరో పెయింటర్ చేత రాయించినాడు. ఏం, వాళ్ళకి బాగలేదంటనా?"

"బాగుండాదన్నా" అని పెట్టేసినాను. మేడమ్ "కన్ఫర్మా?" అని అడిగితే "కన్ఫర్మ్ మేడమ్" అన్నాను. ఇది బతికుండే మనిషిది కాదు అని టైపు చేసినాను. అది అమెరికాలో ఉండే వకీలు ద్వారా అక్కడి ట్రేడ్‌మార్క్ ఆఫీసుకి పోయింది.

ఆ వారమే రమణప్పన్న మేడమ్‌కి కొత్త ప్యాకెట్లు పంపినాడు. ఒకటి నా సంచిలో వేసుకోని సాయంత్రం రైలెక్కినాను. మా సీట్లల్లో ఎప్పుడూ ఉండేది గార్మెంట్స్ సెల్వక్క, ఆఫీసుల్లో హౌస్‌కీపింగ్ చేసే మునెమ్మక్క. మునెమ్మక్కది మా పక్కూరు ఊరిగాం. కండ్లద్దాలు, గాలికి తలచుట్టూ గడ్డందాకా చుట్టుకున్న కొంగు. పెద్దగా మాట్లాడదు. నాకు సీటు దొరక్కపోతే నా సంచి తీసుకోని ఒళ్ళో పెట్టుకునేది. రెండేండ్లుగా అంతే.

"ఏమ్మే వకీలూ, అమెరికాకి పోయే పొడి మాకు రొంత పెట్టవా?" అనింది సెల్వక్క, సంచిలో ప్యాకెట్టు చూసి. అమెరికా సంగతి నేనే ఎప్పుడో వాగింటి.

మాల్టు పొడి ఉత్తదే అరచేతిలో పోసుకోని నాకేది మాకు చిన్నప్పటినుంచి అలవాటు. నేను ప్యాకెట్టు తీసి పైన పండ్లతో పట్టి చించినాను. కనకాంబరాలు, బొట్టు, అడ్డంగా చినిగిపోయినాయి.

"పైన చించొద్దు పాపా" అనింది మునెమ్మక్క. "కింద చించు."

"యాడ చించితే ఏమక్కా? పొడి ఒకటే గదా!"

"మా ఆయన పైన చించనిచ్చేవాడు కాదు. తలకాయ మీద కత్తెర పెట్టొద్దు అనేవాడు."

సెల్వక్క నవ్వింది. "ఏమక్కా, నీ మొగుడికి ఆ బొమ్మ మీద మనసా?"

"మనసే. అది నేనే గదా."

ఇంగ చూడండి, రైలు పెట్టెంతా నవ్వులు. అందరికంటే గట్టిగా నవ్వింది నేను. నవ్వి ఊరుకోకుండా, "అక్కా, అది ఎవరూ కాదక్కా. బతికుండే మనిషే కాదని నేనే అమెరికాకి రాసి పంపినాను!" అన్నాను. క్లయింటు మాట బయట చెప్పకూడదనేది మా పనిలో మొదటి రూలు. అది గూడా గుర్తు రాలేదు.

మునెమ్మక్క నవ్వలేదు, కోపం చేసుకోలేదు. కండ్లద్దాలు తీసింది. తలకు చుట్టుకున్న కొంగు విప్పింది. నా చేతిలోనుంచి చినిగిన ప్యాకెట్టు తీసుకోని చెంప పక్కన పట్టుకునింది.

గడ్డం మీద మూడు చుక్కలు. రెండుపక్కలా ముక్కుకి బెజ్జాలుండాయి, పుడకలు మటుకు లేవు.

"అయ్యో అక్కా" అనింది సెల్వక్క మెల్లగా.

"బతికుండేదాన్ని కాదా నేను?" అని నన్ను అడిగింది మునెమ్మక్క. "అట్లని రాసినావా పాపా?"

ఆ మూడు చుక్కలని స్క్రీను మీద అరచేతంత చేసి చూసినదాన్ని. ఎదురుగా కూర్చోని నా సంచి మోసిన మనిషి గడ్డం మీద ఒక్కతూరి చూడలేదు.

ఆయమ్మే చెప్పింది తర్వాత. పెండ్లయిన కొత్తలో ఇద్దరూ స్టూడియోలో ఫోటో తీయించుకున్నారంట. స్టూడియో ఆయన దాన్ని అందరికీ కనపడేటట్ల బయటి అద్దాల బీరువాలో పెట్టినాడు. రమణప్పన్న నాయన అది చూసి పెయింటర్ చేత ఆ మొగం బొమ్మగా గీయించుకున్నాడు. మైనింగ్ షిఫ్టునుంచి వస్తా మొగుడు ప్యాకెట్టు తెచ్చి, "ఏమే, అంగడికెక్కినావే!" అని ఒకటే నవ్వంట. అత్త మాత్రం, ఊళ్ళోవాళ్ళ వంటిండ్లల్లో మా కోడలి మొగమా, బయట చెప్పినారంటే చూడండి అనిందంట. నోరు మూసుకున్నారు. ఇంగ మైన్స్ మూసేసినారు, ఆయనా పోయినాడు. ప్యాకెట్టు మటుకు అంగట్లో ఉండిపోయింది.

మరుసటి పొద్దున్నే మేడమ్ ముందర నిలబడి చెప్పినాను. మేడమ్ అరిచుంటే బాగుండు. "ఒక్క ఫోన్ చేసి కన్ఫర్మ్ అన్నావా?" అని మాత్రం అడిగింది. "మనం రాసింది తప్పు అని మనమే రాయాల. ఆయమ్మ ఒప్పుకోకపోతే ఆ బొమ్మ అమెరికాకి పోదు. అడగను నువ్వే పోవాల."

రమణప్పన్నకి చెప్తే బెదిరిపోయినాడు. ఆదివారం ఇద్దరం ఊరిగాం పోయినాము. ఆయన గుమ్మం కాడే ఆగిపోయినాడు. "మునెమ్మక్కా, నువ్వా? మా అంగడికే గదా వచ్చేదానివి. ఒక్కతూరి చెప్పింటే..."

"ఏమని చెప్పాలప్పా? ఇది నా మొగం అనా? మీరు అడిగినారా ఎవరిదని?"

రమణప్పన్న తల వంచుకున్నాడు. ఆయమ్మకి ఏమి ఇయ్యాలో మేడమ్ ముందర మాట్లాడుకుందాం అన్నాడు. తర్వాత మాట్లాడుకున్నారు గూడా. నేను కన్సెంట్ కాగితం తీసి చదివి, తెలుగులో చెప్పి, పెన్ను ఇచ్చినాను. ఆయమ్మ తీసుకోలేదు.

"సంతకం తర్వాత. ముందు నేను ఉండానని రాయి."

"రెండూ ఒకేతూరి పంపుతాము అక్కా."

"కాదు పాపా. లేదని రాసినావు గదా, ముందు ఉండానని రాయి. అది చూసినాక పెడతాను. లేనిదాని సంతకం ఎట్ల చెల్లుతాది?"

మేడమ్‌కి చెప్తే, "ఆయమ్మ చెప్పిందే సరి" అనింది. బొమ్మలో ఉండేది మునెమ్మ, బతికుండాది, ముందు రాసింది మా తప్పు అని టైపు చేసినాను. అది అమెరికాకి పోయినాక కాపీ తీసుకపోయి చూపించినాను. వేలు పెట్టి తన పేరు యాడుండాదో చూపించమనింది, చూపించినాక సంతకం పెట్టింది.

శానా నెలలకి సర్టిఫికెట్ వచ్చింది. రమణప్పన్న, మేడమ్ ఇద్దరినీ అడిగి, దాని కాపీ సంచిలో పెట్టుకోని రైలెక్కినాను. కింద ఒక లైను ఉండాది: ఈ బొమ్మ మునెమ్మ అనే మనిషిది, రిజిస్టర్ చేసేదానికి ఆమె ఒప్పుకున్నది రికార్డులో ఉండాది. ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పినాను. సెల్వక్క చప్పట్లు కొట్టింది.

"ఇంకోతూరి చదువు పాపా" అనింది మునెమ్మక్క. చదివినాను.

ఇప్పుడు ఏ కేసులో మొగం వచ్చినా, క్లయింటు "ఎవరూ కాదు" అంటే నేను ఒప్పుకోను. గీసినోడు ఎవరు, దేన్ని చూసి గీసినాడు, ఆ మనిషి యాడుండాది అని విసుగొచ్చేదాకా అడుగుతాను. పని అట్ల నేర్చుకున్నాను.

మునెమ్మక్క ఇంగా ఎదురు సీట్లోనే కూర్చుంటాది. నా సంచి ఇంగా ఒళ్ళో పెట్టుకుంటాది. ఆ పొద్దు మాట మళ్ళీ ఎత్తలేదు. అప్పుడు పట్టించుకోక ఆ మొగం చూడనిదాన్ని, ఇప్పుడు చూడాలనుకుంటాను, తల పైకి లేవదు.