పగడం మీద పురుగుల విచారణ

మా పెదనాన్న ఆధారం లేనిదే ఏ మాటా ఒప్పుకోడు. వాన పడుతోందంటే చెయ్యి బయటపెట్టి చూస్తాడు. తడిసిన చేత్తో లోపలికొచ్చి, "పై అంతస్తువాళ్ళు నీళ్ళు పోసి ఉండచ్చుగా?" అంటాడు. తమకు పెళ్ళై ముప్ఫై ఐదేళ్ళయిందని పెద్దమ్మ అంటే, ఫొటోలున్నాయి కాబట్టి సరేనన్నాడు.

పెదనాన్నా నేనూ నడిపేది గడియారాల రిపేరు కొట్టు. పక్కనే పళ్ళ డాక్టరు. ఆయన వెయిటింగ్ రూములో ఉప్పునీళ్ళ అక్వేరియం, అందులో బతికున్న పగడాలు. బేరాల్లేనప్పుడు పెదనాన్న కంటికి భూతద్దం తగిలించుకుని, ఆ తొట్టె అద్దానికి ముక్కు ఆనించి కూర్చునేవాడు. పంటినొప్పితో వచ్చినవాళ్ళు ఈయన్ని చూసి నొప్పి మర్చిపోయేవారు. అయితే ఆ నీళ్ళలో మాత్రం వేలు కూడా పెట్టడు. ఉప్పుతడి చేత్తో ముట్టుకుంటే గడియారాలు తుప్పు పడతాయని భయం.

ఓ రోజు పెద్ద పగడం ఒక పక్క తెల్లబడింది. దాని మీద నువ్వుగింజలో సగం కూడా లేని జీవాలేవో పాకుతున్నాయి. అవేమిటో ఎవరికీ తెలీదు. డాక్టరుగారు మాత్రం వెంటనే తేల్చేశారు: కొత్తగా చేరిన పనావిడ తొట్టె సరిగ్గా కడగలేదు, పురుగులు పట్టాయి, ఇక ఆవిడ రానక్కర్లేదు. ఇద్దరు పిల్లల్ని ఒంటిచేత్తో సాకుతున్న మనిషి. స్పాంజి పట్టుకుని నిలబడిపోయింది. నాకు ఒళ్ళు మండింది.

పెదనాన్న ఆధారం అడిగాడు. మూడు రోజులు గడువు తీసుకున్నాడు.

ఆ మూడు రోజులూ కొట్టు నా నెత్తిన పడింది. పనావిడ డ్రాపరుతో ఒక్కో జీవాన్నీ తీసి గడియారం అద్దంలో వేస్తే, ఈయన కాళ్ళు లెక్కపెట్టి, బొమ్మ గీసి, పుస్తకాలు తిరగేశాడు. పేరు దొరకనివాటికి మా చుట్టాల పోలికలు రాసుకున్నాడు. పొడుగు మీసాలది మా చిన్నత్త మామగారట.

నాలుగోరోజు తీర్పు చెప్పాడు. ఈ జీవాలు చచ్చిన కండే తింటున్నాయి, బతికున్న భాగం జోలికి పోవట్లేదు. భూతద్దం డాక్టరుగారి కంటికి తగిలించి మరీ చూపించాడు. ఆయన చూసి, ఒప్పుకుని, ఇంకోటి కూడా కనిపెట్టారు. తెల్లబడిన చోట స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఒక గాటు ఉంది. వెడల్పు సరిగ్గా అద్దం మీద పాచి గీకే బ్లేడంత.

"మరి ఇదెవరి పని?" అన్నారు. పనావిడ తల దించుకుంది.

"నాదే," అన్నాడు పెదనాన్న. "సరిగ్గా కనపడక, బ్లేడుతో పాచి గీకబోయాను. చెయ్యి జారింది."

డాక్టరుగారు ఆధారం అడగలేదు. ఆవిణ్ణి పనిలో ఉండమన్నారు, ఈయన్ని ఇకమీదట తొట్టెకు మూరెడు దూరంలో కూర్చోమన్నారు.

బయటికొచ్చాక నేనే అడిగాను. "వేలు పెట్టని నీళ్ళలో చెయ్యెలా జారింది? ఆధారమేది పెదనాన్నా?"

"నేరం ఒప్పుకున్నవాణ్ణి ఆధారం అడక్కూడదురా," అని, మూరెడు దూరం నుంచి పనికొచ్చే భూతద్దం ఎక్కడ దొరుకుతుందో కనుక్కురమ్మన్నాడు.