కవరులో ఏడవ పేరు

మిషిగన్ రాష్ట్రంలోని నోవై పట్టణంలో ప్రేమజ్యోతిని ఎరుగని తెలుగు క్రైస్తవ కుటుంబం ఒకప్పుడు ఉండేది కాదు. ఆదివారపు ఆరాధన ముగిసిన పిమ్మట చర్చి వెనుక గదిలో నూటయాభై మందికి అన్నం వడ్డించే చేయి ఆమెది. ఎవరి బిడ్డకు కారం పడదో, ఎవరి అత్తగారికి మెత్తగా ఉడికిన అన్నం కావాలో ఆమెకు గుర్తు. అయితే ఆ తిన్నవారిలో ఇప్పుడు పదిమంది అయినా ఆ ఊళ్లో లేరు. ప్రాజెక్టు ముగిసి కొందరు, మంచి ఉద్యోగం దొరికి కొందరు, రెడ్‌మండ్‌కో ఫ్రీమాంట్‌కో తరలిపోయారు. పోయేముందు ప్రతివారూ ఆమెను కౌగిలించుకొని, "టచ్‌లో ఉంటాం అక్కా" అన్నవారే.

ఆమెది నరసాపురం. భర్త సుందర్ రాజ్ కారు సీట్లు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. కుమార్తె పర్సిస్ పదవ తరగతిలో ఉండగా, ఒక ఫిబ్రవరి ఉదయం వాకిట్లో మంచు ఎత్తిపోస్తూ అతడు కుప్పకూలి, మరి లేవలేదు. గ్రీన్ కార్డు అప్పటికే చేతికి వచ్చి ఉండడంచేత తల్లీకూతుళ్లు దేశం విడిచిపోవలసిన అవసరం కలుగలేదు. ప్రేమజ్యోతి వృద్ధులను కనిపెట్టుకొని ఉండే పనిలో శిక్షణ పొంది, ఆ పనితోనే కూతురిని చదివించింది.

ఆమె జీవితంలో ఆమె చేసిన తప్పు అంటూ ఒకటి ఉంటే అది ఆరు సంవత్సరాల క్రిందట, ఒక సెప్టెంబరు నెలలో, ఫోనులో జరిగింది. పర్సిస్ అప్పుడే యూనివర్సిటీలో చేరింది. పుట్టినప్పటినుంచి నలుగురిలో నోరు విప్పని పిల్ల. ఆ రోజున మాత్రం ఆమె గొంతు సంతోషంతో గంతులు వేస్తున్నది.

"అమ్మా, నాకు బిడ్ వచ్చింది! సొరోరిటీ వాళ్ళు నన్ను పిక్ చేశారు!"

"అంటే ఏంటే అది?"

"గర్ల్స్ అమ్మా, అందరూ సిస్టర్స్ లాగా. అరవై మంది. ఒక హౌస్‌లో ఉంటాం, కలిసి తింటాం. సీనియర్స్ నాకు చదువులో హెల్ప్ చేస్తారు. కాలేజ్ అయిపోయాక కూడా, నేను ఏ సిటీకి వెళ్ళినా అక్కడ ఒక సిస్టర్ ఉంటుంది. లైఫ్ అంతా, అమ్మా!"

ఒక్కరోజు ఆగమని చెప్పి, ప్రేమజ్యోతి సంఘపెద్ద గారి భార్య ప్రిస్సిల్లా గారి వద్దకు వెళ్లింది. ప్రిస్సిల్లా గారు చేతిలోని కాఫీ కప్పు క్రింద పెట్టి మరీ చెప్పింది.

"వద్దు జ్యోతీ. తాగుళ్ళు, తందనాలు. కొవ్వొత్తులు పట్టుకుని రహస్యంగా ఒట్లు వేయిస్తారట. తండ్రి లేని పిల్ల, రేపు ఏదన్నా అయితే ఊరంతా నిన్నే అంటుంది. అయినా మనకి చర్చి ఉందిగా? ఇంకో సంఘం ఎందుకమ్మా?"

చివరి మాట ప్రేమజ్యోతికి తిరుగులేనిదిగా తోచింది. వద్దని చెప్పింది. "సరే అమ్మా" అన్నది పర్సిస్. ఆ పిల్ల ఏడ్చి గోల చేసి ఉంటే బాగుండునని ప్రేమజ్యోతి తరువాతి కాలంలో ఎన్నోసార్లు అనుకొన్నది.

నాలుగేళ్ల చదువూ పర్సిస్ ఒక్క గదిలో, ఒక్క బల్ల ముందు ముగించింది. రెడ్‌మండ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరికింది. తల్లి సంతోషించింది. ప్రిస్సిల్లా గారి కుటుంబం అప్పటికే ఫ్రీమాంట్‌కు వెళ్లిపోయింది.

ప్రేమజ్యోతి నాలుగేళ్లుగా మార్జొరీ అనే వృద్ధురాలి ఇంట పని చేస్తున్నది. ఉదయం ఎనిమిదింటినుంచి సాయంత్రం నాలుగింటిదాకా. మార్జొరీకి ఎనభై రెండేళ్లు. పిల్లలు లేరు. కంటిచూపులో నడిమిభాగం పోయింది. ఎదుట నిలిచిన మనిషి భుజాలు కనబడతాయి గాని ముఖం కనబడదు. నాలుకకు మాత్రం ఏ లోపమూ లేదు.

పనిలో చేరిన రెండవ వారంలోనే టపాలో ఒక లావుపాటి కవరు వచ్చింది. మార్జొరీ దానిని ఒళ్లో పెట్టుకొని, "చదువు జోటీ" అన్నది. ఆమె నోట జ్యోతి ఎప్పుడూ జోటీయే. "బెవర్లీ చేతిరాత కోడి గెలికినట్టు ఉంటుంది, ముందే చెబుతున్నాను. అరవై ఏళ్లుగా తిడుతున్నాను, మారలేదు."

ఆ కవరు కథ ఇది. మార్జొరీ కాలేజీలో చదివిన రోజులలో ఒక సొరోరిటీలో ఆరుగురు అమ్మాయిలు ఒక్కరోజున, కొవ్వొత్తులు పట్టుకొని, ఒట్టు వేసి సభ్యులైనారు. చదువు ముగించి విడిపోయేనాడు వారు ఈ కవరును మొదలుపెట్టారు. అందులో ఆరుగురి ఉత్తరాలూ ఉంటాయి. కవరు ఒకరి వద్దకు రాగానే ఆమె అన్నీ చదువుకొని, తన పాత ఉత్తరం తీసివేసి, క్రొత్తది పెట్టి, పదిహేను రోజులలోగా జాబితాలోని తరువాతి పేరుకు పంపాలి. ఒకరి ఉత్తరం మరొకరు తీయరాదు. నియమాలు ఈ రెండే. ఈ రెండవ నియమం వలన, చనిపోయినవారి ఆఖరి ఉత్తరాలు కవరులోనే ఉండిపోయాయి. వచ్చే వేసవికి వంటింటికి పసుపు తెరలు కుట్టించుకోవాలని రాసిన స్త్రీ పోయి పదకొండేళ్లయింది. ఆ తెరల మాట మాత్రం కవరుతోపాటు ఊరూరా తిరుగుతూనే ఉన్నది. ప్రేమజ్యోతి పనిలో చేరేనాటికి బ్రతికి ఉన్నవారు మార్జొరీ, బెవర్లీ ఇద్దరే.

చదివే కొద్దీ ప్రేమజ్యోతికి ఆ ఆరుగురి సంగతులు ఒక్కొక్కటే తెలిసివచ్చాయి. మార్జొరీని భర్త విడిచిపోయిననాడు బెవర్లీ తన పిల్లలను అత్తగారికి అప్పగించి వచ్చి, ఐదు వారాలు ఈ ఇంట్లో ఉండి, ఆమెకు దగ్గరుండి తినిపించి వెళ్లిందట. మార్జొరీ ముప్పై ఏళ్లు పనిచేసిన పాఠశాల గ్రంథాలయంలో ఉద్యోగం చూపించినది మరొక సిస్టరు. ఒకామెకు క్యాన్సరు చికిత్స జరిగిన శీతకాలంలో, మిగిలినవారు వంతులు వేసుకొని, మంచులో మూడేసి గంటలు కారు నడుపుకొంటూ వచ్చి ఆసుపత్రికి తీసుకుపోయారు.

"ఎలా కుదిరింది మీకు?" అని అడిగింది ప్రేమజ్యోతి ఒకనాడు.

"చేరాము కాబట్టి కుదిరింది" అన్నది మార్జొరీ. "పద్దెనిమిదేళ్లకు ఎవరు మంచివాళ్లో ఎవరికి తెలుసు? బెవర్లీ అంటే మొదటి ఏడాది నాకు చిరాకు. కాని ఒట్టు వేశాం కదా, విడిపించుకోలేకపోయాం. అంతే."

పర్సిస్ ఉద్యోగంలో చేరిన ఏడాదే పన్ను సంగతి బయటపడింది. ఆ పిల్లకు లోపలి దవడ పన్ను అడ్డంగా మొలిచింది, తీయించాలి. మత్తు ఇస్తారు గనుక, తరువాత ఇంటికి తీసుకుపోవడానికి తెలిసినవారు ఒకరు తప్పనిసరిగా రావాలని డాక్టరు నియమం. పర్సిస్ మూడుసార్లు తేదీ తీసుకొని, మూడుసార్లూ తానే రద్దు చేసుకొన్నది.

"ఎవరూ లేరా? ఆఫీస్‌లో ఒక్కరూ లేరా?" అని అడిగింది తల్లి.

"ఉన్నారు. కానీ అలా అడిగే అంత తెలీదు అమ్మా."

"నేను టికెట్ బుక్ చేసుకుని వస్తాను."

"వద్దు. నువ్వు ఈసారి వస్తావ్. తర్వాత?"

ఫోను పెట్టేసిన తరువాత చాలాసేపు ప్రేమజ్యోతి వంటింటి గోడకు ఆనుకొని నిలబడింది. కూతురు ఆనాడు ఉప్పొంగిపోతూ చెప్పిన లాభాలన్నీ వరుసగా జ్ఞాపకం వచ్చాయి. ఏ ఊరికి వెళ్లినా ఒక సిస్టర్. లైఫ్ అంతా. వాటన్నిటినీ తన నోటితో తానే వద్దన్నది.

నిరుడు నవంబరులో బెవర్లీ కొడుకు ఫోను చేశాడు. తల్లి నిద్రలోనే పోయిందనీ, ఆమె బల్లమీద ఒక కవరు ఉంటే టపాలో వేశాననీ చెప్పాడు. మూడవనాటికి కవరు వచ్చింది. బెవర్లీ ఉత్తరం కోడి గెలికిన రాతలోనే, ఉడుతలు పక్షుల గింజలు తినేస్తున్నాయన్న ఫిర్యాదు మధ్యలో ఆగిపోయి ఉన్నది. ప్రేమజ్యోతి చదివి ముగించింది. మార్జొరీ కళ్లు తుడుచుకోలేదు.

"నా పాతది తియ్యి. క్రొత్తది చెబుతాను, రాయి. ఆ తరువాత ఎవరి పేరు?"

ప్రేమజ్యోతి జాబితా చూచింది. పైనుంచి క్రిందిదాకా వేలు పెట్టి మరొకసారి చూచింది. "మీదేనండీ" అన్నది ఎట్టకేలకు.

మార్జొరీ కిటికీవైపు తిరిగి కూర్చున్నది. అప్పుడు ప్రేమజ్యోతి, తన జీవితంలో ఎవరినీ ఏదీ అడిగి ఎరుగని మనిషి, అడిగింది. తనకొక కూతురున్నదనీ, ఆనాడు పిలుపు వస్తే తానే ఆపివేశాననీ, ఆ పిల్ల పేరు ఈ జాబితాలో వేయరాదా అనీ.

"ఆమె మాతో ఒట్టు వేయలేదు, జోటీ."

"నేనే వేయనివ్వలేదండీ."

మూడు రోజులు ఆ మాట మరల రాలేదు. నాలుగవనాడు కాఫీ త్రాగుతూ మార్జొరీ, "ఆ పిల్ల చిరునామా ఏమిటి? నియమాలు రెండే అని చెప్పు. పదిహేను రోజులు. ఒక్కరోజు ఎక్కువ కారాదు" అన్నది. ఆరు పేర్ల క్రింద ఏడవ పేరును ప్రేమజ్యోతి తన చేతితో రాసింది. పర్సిస్ అని రాస్తుంటే, ఆ పిల్లకు మొదటిసారి పేరు పెడుతున్నట్టు తోచింది.

కవరు రెడ్‌మండ్‌కు వెళ్లింది. పదిహేను రోజులు గడిచాయి. నెల గడిచింది. క్రిస్మస్ వచ్చి పోయింది. టపా బండి పదకొండింటికి వస్తుంది. మార్జొరీ పదిన్నరకే కిటికీ వద్ద కూర్చుంటుంది. జనవరిలో ఒక ఆదివారం, చర్చినుంచి బయటికి వచ్చి, కారులో కూర్చొని ప్రేమజ్యోతి ఫోను చేసింది.

"కవరు అందిందన్నావ్. ఇంకా పంపలేదేంటే? పాపం, ముసలావిడ రోజూ చూస్తోంది."

"నేను చదివాను అమ్మా. అన్నీ. టూ టైమ్స్. కర్టెన్స్ ఆవిడది కూడా."

"మరి రాయడానికేం?"

"ఏం రాయాలి? వాళ్ళకి ఒకళ్ళకి ఒకళ్ళు తెలుసు. బెవర్లీ స్క్విరల్స్ గురించి రాసినా మార్జొరీకి అది బెవర్లీ. నేను ఎవరు? నేను లేస్తాను, లాగిన్ అవుతాను, లాగ్ ఆఫ్ అవుతాను. దట్స్ ఇట్."

"అదే రాయి తల్లీ. ఆవిడ ఏమీ అనుకోదు."

"ఓల్డ్ లెటర్ తీసి కొత్తది పెట్టాలి అని ఉంది. నాకు తీయడానికి ఏం లేదు అమ్మా." కోపం ఏమాత్రం లేని గొంతుతో అన్నది. "అప్పుడు జాయిన్ అయి ఉంటే ఉండేదేమో. ఐ డోంట్ నో."

ఆ గొంతులో కోపం లేకపోవడమే ప్రేమజ్యోతిని కాల్చింది. "నన్ను క్షమించు" అనబోయింది. "ఇట్స్ ఫైన్ అమ్మా, వదిలెయ్" అని పిల్ల ముందే అనేసింది.

ఫిబ్రవరి మొదటివారంలో కవరు తిరిగి వచ్చింది. మార్జొరీ దుప్పటి సవరించుకొని, మెడ చాచి కూర్చున్నది. ప్రేమజ్యోతి ఒక్కొక్క ఉత్తరమూ తీసి ఒళ్లో పెట్టుకొన్నది. పాతవన్నిటి వెనుక ఒక క్రొత్త కాగితం, చక్కగా మూడు మడతలు పెట్టినది. విప్పి చూచింది. అందులో ఒక్క అక్షరమూ లేదు.

ఒక్క క్షణంలో ఆమె మనసులో నాలుగు వాక్యాలు సిద్ధమైపోయాయి. రెడ్‌మండ్‌లో వానలు. ఆఫీసులో ఒక స్నేహితురాలు. ముసలావిడకు కనబడదు; చదివితే నమ్ముతుంది. కాని కూతురి నోట ఒకసారి మాట లేకుండా చేసినది తానే. ఇప్పుడు లేని మాటను ఆ నోట పెట్టడానికి ఆమెకు మనస్కరించలేదు.

"తెల్ల కాగితమండీ. ఏమీ రాయలేదు."

"పేరైనా?"

"లేదు."

మార్జొరీ చేయి చాచి కాగితం పుచ్చుకొని, పై అంచునుంచి క్రింది అంచుదాకా వ్రేళ్లతో మెల్లగా తడిమింది. కలం ఒత్తిడి ఎక్కడా తగలలేదు. తిరిగి పాత మడతలమీదనే మడిచింది.

"లోపల పెట్టు. అది ఆమె ఉత్తరం, మనం తీయరాదు. వచ్చేసారికి ఆమెకు తీయడానికి ఒకటి ఉంటుంది కదా."

మార్జొరీ చెప్పిన ఐదు పంక్తులు రాసి, కవరు అంటించి, ప్రేమజ్యోతి ఆ రోజే టపాలో వేసింది.

ఇది జరిగి నాలుగు నెలలయింది. వాకిట మంచు కరిగి గడ్డి మొలిచింది. టపా బండి ఆగిన చప్పుడు వినగానే మార్జొరీ మొదట్లో, "వచ్చిందా?" అనేది. ఈస్టరు తరువాత అడగడం మానివేసింది. కిటికీ వద్ద కుర్చీని కూడా వెనుకకు జరిపించుకొన్నది. ప్రేమజ్యోతి మాత్రం ప్రతిదినమూ పెట్టె దాకా నడిచి వెళ్లి, మందుల దుకాణం ప్రకటనలూ కరెంటు బిల్లూ తీసుకొని వస్తుంది.

పర్సిస్ ప్రతి ఆదివారమూ తప్పక ఫోను చేస్తుంది. కవరు మాట తల్లి ఎత్తదు, కూతురూ ఎత్తదు. మొన్నటి ఆదివారం మరేమీ తోచక ప్రేమజ్యోతి అడిగింది.

"పన్ను ఎలా ఉందే?"

"నొప్పి లేదు అమ్మా. ఆ సైడ్ తినడం మానేశాను."