పసుపునీళ్ళ సీసా

మందుల సంగతి తనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని మా బావ నమ్మకం. వేలూరు దగ్గర గుడియాత్తంలో ఆయనకు అగ్గిపెట్టెల కంపెనీ ఉండేది. గంధకం, భాస్వరం రోజూ చేతిలో ఆడతాయి కాబట్టి రసాయనమంటే తన ఇంటి వంటే అనుకునేవాడు. ఆ గొప్ప ఒక్కటే అయితే సర్దుకుపోవచ్చు, దానికి తోడు రాజకీయం. పార్టీ రంగుల అంచున్న పంచె, అదే వేష్టి, కట్టుకుని బజారు వీధిలో మైకు పట్టుకుంటే ‘పగుత్తరివు’ తప్ప ఇంకో మాట రాదు. పగుత్తరివంటే హేతువాదం. రాహుకాలం లేదు, శకునం లేదు, జాతకం అంతకన్నా లేదు అని అరవంలో అదరగొట్టి, ఇంటికొచ్చి బల్లి ఏ మూల పలికిందో అక్కను అడిగే మనిషి.

అక్క రొమ్ములో గడ్డ కనబడింది ఎన్నికల ముందు. నాకు ఫోన్ చేసి చెప్పింది. నేను వేలూరులో, బాగాయంలో ఉండేదాన్ని, బడిలో టీచరును. వెంటనే బస్సెక్కి ఇక్కడికి వచ్చెయ్యి, పెద్దాసుపత్రిలో చూపిద్దాం అన్నాను. బావ ఫోను లాక్కున్నాడు. “చిన్న గడ్డకు వేలూరెందుకమ్మా? మనూళ్ళో డాక్టరు లేడా? ప్రచారం వదిలేసి నేను యాడ తిరిగేది?” అన్నాడు. తిరగమని ఆయన్నెవరడిగారు? ఆ మాట అనేలోపే ఫోన్ పెట్టేశాడు. నేను సెలవు పెట్టి గుడియాత్తం పోయేసరికి అక్క నర్సింగ్ హోము మంచం మీద ఉంది.

గడ్డ తీశారు. అలాంటి చిన్న ఆసుపత్రుల్లో తీసిన ముక్కను సీసాలో వేసి, కుళ్ళకుండా ఫార్మలిన్ మందు పోసి, మూత బిగించి ఇంటివాళ్ళ చేతికే ఇచ్చేవాళ్ళు. వేలూరు ల్యాబుకు చేర్చే పూచీ మనదే. నర్సు బావకు సీసా ఇస్తూ ఈ పొద్దే ఇచ్చెయ్యండి అని చెప్పింది, నేను విన్నాను. నేను తీసుకుపోతానన్నాను. “నువ్వు మీ అక్క దగ్గరుండు. కారుండాది, నేను పోతా” అన్నాడు. సరే, ఒక్క పనైనా నెత్తినేసుకున్నాడు కదా అనుకున్నాను.

ఎంతకీ రిపోర్టు రాలేదు. ల్యాబు వాళ్ళ బద్ధకమని వాళ్ళను తిట్టుకున్నాను. చివరికి బావనే నిలదీస్తే నెమ్మదిగా బయటపెట్టాడు. “ఆ పొద్దు అష్టమి. మర్నాడు నవమి. ఆ తరువాత తలైవరు, మా పార్టీ పెద్ద, వచ్చినాడు, మీటింగు. అన్నీ అయినాక ఇచ్చొచ్చినాలే.” అష్టమి! బజారులో పంచాంగాన్ని చింపి పారేయమనే నోటితోనే అన్నాడు ఆ మాట. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క పక్కనుండి “పోనీలేవే” అంది. మా అక్క సగం జీవితం ఆ ఒక్క మాటతోనే గడిచింది.

ఇంక నేనెవరి మాటా వినలేదు. అక్కను వేలూరుకు తెచ్చి పెద్దాసుపత్రిలో చూపించాను. బావ వెంటొచ్చాడు. డాక్టరమ్మ అప్పటికి వచ్చిన ల్యాబు రిపోర్టు చదివి, ఇంకోసారి చదివి, కళ్ళజోడు తీసేసింది.

“క్యాన్సరే. అంతవరకు తెలుస్తోంది. కానీ ముక్క కుళ్ళిపోయింది. పరీక్షకు వేసే రంగు పట్టడం లేదు. ఆ సీసాలో ఏం పోశారు?” అని అడిగింది.

బావ ఏమాత్రం తొణక్కుండా చెప్పాడు. “అందులో ఉన్నది శవాలకు పోసే మందమ్మా, నాకు తెలుసు. ముత్తైదువ ఒంట్లోంచి తీసిందాన్ని దాంట్లో పెడతారా? ఆ మందు పారబోసి పసుపునీళ్ళు పోసినాను.”

ఆ సీసానే ఆయన నెత్తిన పగలగొట్టాలనిపించింది. కానీ ఇంట్లో ఎవర్నీ అడక్కుండా పసుపు కొమ్ము తానే అరగదీసుకున్నాడట. పెళ్ళాం మీద అంత ప్రేమ. మనిషిని కడుపారా తిట్టుకోనివ్వని ఆ ప్రేమను చూస్తే నాకు ఇంకా చిరాకెక్కువైంది.

డాక్టరమ్మ మాకు అర్థమయ్యేలా చెప్పింది. గడ్డ కణాల్లో కొన్ని ప్రొటీన్లుంటాయి. హార్మోన్‌ను పట్టుకునే ప్రొటీన్ ఉంటే రోజుకో మాత్రతో జబ్బును చాలా ఏళ్ళు దూరం పెట్టొచ్చు. ఇంకో రకం ప్రొటీన్ మరీ ఎక్కువుంటే జబ్బు వడిగా పెరుగుతుంది, దానికి వేరే ఇంజెక్షన్ ఉంది. రెండూ లేకపోతే ఈ మందులు పనికిరావు, దారి వేరు. అక్క ముందు ముందు ఎట్లా ఉంటుందో, ఏ మందు వాడాలో చెప్పగలిగింది ఆ ముక్కే. అది పసుపునీళ్ళలో నాని కుళ్ళింది.

“రొమ్ము ఎలాగూ తీయాలి. లోపల గడ్డ ఇంకా మిగిలుంటే దానికి పరీక్ష చేస్తాం” అంది డాక్టరమ్మ. ఆపరేషన్ గది బయట కూర్చుని నేను ఏ దేవుడికి ఏమని మొక్కుకోవాలో తెలియలేదు. మిగిలుండాలనా, ఉండకూడదనా? మా అక్క ఒంట్లో క్యాన్సరు కాస్త మిగిలితే బాగుండునని అనుకునే గతి పట్టినందుకు నా మీద నాకే అసహ్యమేసింది.

ఏమీ మిగల్లేదు. చంకలోని లింఫు గ్రంథులకు కూడా జబ్బు పాకలేదన్నారు. బావ వార్డంతా మైసూరుపాకు పంచాడు. ఆయమ్మలకు, పక్క మంచాల వాళ్ళకు, వాచ్‌మన్‌కు కూడా పెట్టాడు. నా చేతిలోనూ ఒక ముక్క పెట్టి “చూసినావా, ఊరికే భయపెట్టినారు” అన్నాడు. సంతోషించాల్సిన వార్తే, నాకూ సంతోషంగానే ఉంది. కానీ ఇంక పరీక్ష చేయడానికి ఎక్కడా ఏమీ లేదన్న సంగతి ఆయనకు ఎట్లా ఎక్కించాలో తెలియక ఆ తీపి నమల్లేకపోయాను.

గాయం మానాక డాక్టరమ్మ మళ్ళీ పిలిచింది. మాత్ర మొదలుపెడదామంది. “ఆ ప్రొటీన్ ఉందో లేదో తెలియదు కాబట్టి ఇది గుడ్డిగా ఇవ్వడమే. ఉంటే చాలా మేలు. లేకపోతే ఒంట్లో ఆవిర్లు, నీరసం మాత్రమే మిగులుతాయి. ఏళ్ళ తరబడి వేసుకోవాలి. ఇంజెక్షన్ మాత్రం గుడ్డిగా ఇవ్వలేను.”

“పనిచేస్తా ఉందో లేదో ఎట్లా తెలుస్తాదమ్మా?” అంది అక్క.

“జబ్బు తిరిగి రాకపోతే మంచిదే. కానీ అది మాత్ర వల్లేనా అన్నది చెప్పలేం.”

బావ ముందుకు జరిగాడు. “అంత దూరం ఆలోచించొద్దులే డాక్టరమ్మా. అంతా బాగుండాదని మీరే చెప్పినారు గదా. వేసుకోవాలంటే వేసుకోనీ. పౌర్ణమి పోనీ, మంచి రోజు చూసి మొదలు పెడదాం.”

నేను నోరు తెరిచాను. అంతకన్నా ముందే అక్క అంది, ఎప్పుడూ లేనంత మెల్లగా.

“మీరు బయటికి పోయి కూచోండి. నాకొచ్చింది ఎట్లాంటి జబ్బో నాకు తెలియాల్సింది. ఇంక నేను చచ్చేదాకా తెలీదు. మీరు పసుపునీళ్ళు పోసింది నా మీద ప్రేమతోనే, నాకు తెలుసు. కానీ ఈ గదిలోకి ఇంక మీరు రావద్దు. చెల్లెలొస్తాది.”

బావ నావైపు చూశాడు, డాక్టరమ్మవైపు చూశాడు. లేచి బయటికి పోయాడు. అక్క ఆ రోజే, అక్కడే, డాక్టరమ్మ బల్ల మీదున్న నీళ్ళతో మొదటి మాత్ర మింగింది. రెండు ఆపరేషన్లకూ కన్నీటి చుక్క రాల్చని మనిషి, గ్లాసు కింద పెట్టి నా చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.