ఐసులో పెట్టిన గడ్డ

క్యాన్సర్ కణాలు రక్తనాళంలోకి దూరడం నేను కళ్ళారా చూశాను. నెల్లూరు ల్యాబులో మైక్రోస్కోపు కింద డాక్టరమ్మ కంటే ముందు వాటిని పట్టింది నేనే. విడవలూరులో టీకొట్టు దగ్గర ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో. రొయ్య పేగు చూసి రోగం చెప్పేవాడిని, నాకిదొక లెక్కా అని కూడా కలిపేవాణ్ణి.

అందులో నిజమెంతో ఇప్పుడు చెబుతాను.

గూడూరులో మా ఆవిడకు రొమ్ములో గడ్డ తీశారు. దాన్ని మందునీళ్ళున్న సీసాలో వేసి, మూత తీయకుండా నెల్లూరు ల్యాబులో ఇమ్మన్నారు. కణాలు రక్తనాళాల్లోకో లింఫు నాళాల్లోకో పాకాయా లేదా అన్నది అక్కడ చూస్తారట. పాకకపోతే కీమో తప్పవచ్చు. ఆమె దగ్గర ఆమె చెల్లెల్ని ఉంచి నేను కారెక్కాను.

దారిలో వాసనను బట్టి తెలిసింది, అది ఫార్మలిన్. మా రొయ్యల వ్యాపారంలో అది దొంగలు వాడే సరుకు. చచ్చినదాన్ని తాజా అని అమ్మడానికి. మంచి సరుకుకు ఐసే మర్యాద. మనుబోలులో కారాపి ఆ నీళ్ళు రోడ్డు పక్కన పారబోశాను. చేపల కొట్లో ఐసు కొని, ఇంకా చల్లబడాలని కల్లుప్పు చల్లి, సీసాను అందులో పాతిపెట్టాను.

కొన్నాళ్ళకు డాక్టరమ్మ పిలిచి మైక్రోస్కోపులో చూడమంది. గులాబీరంగు కండలో తెల్లటి సందులు, సందుల్లో కణాల గుంపులు.

"ఇదిగో మేడమ్, నాళంలో దూరినాయి!" అన్నాను.

"అది నాళమో, ఐసు చలికి గడ్డకట్టినట్టు కండ చీలిన సందో నాకే తేలడం లేదు పెద్దాయనా. నాళం గోడకు మాత్రమే పట్టే రంగు వేసి చూశాం, అదీ సరిగ్గా పట్టలేదు. ఫార్మలిన్ ఏమైంది?"

"కారిపోయిందమ్మా."

ఆమె నా మొహం చూసి, రిపోర్టులో తేలలేదనే రాసింది. నేను చూసినవి నేను చేసిన చీలికలే కావచ్చు. ఏదీ తేలక, పాకిందనే అనుకుని గూడూరులో పెద్దడాక్టరు కీమో ఎక్కించమన్నారు. మా ఆవిడ వాంతులకు బేసిన్ పట్టుకున్నాను. దిండు మీద ఊడిన వెంట్రుకలు ఏరాను. నోరు మాత్రం తెరవలేదు. సాయంత్రమైతే టీకొట్టుకు పోయి ఆ గొప్పలే చెప్పుకున్నాను.

ఇంతవరకూ రాసి, మా ఆవిడకు తల దించుకునే చదివి వినిపించాను. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అంతా వింది.

"ఐసు మర్యాదా లేదు, నీ మొహమూ లేదు. మనుబోలు నించి మా చెల్లికి ఫోన్ చేసినావు గదయ్యా, కొత్త కారంతా కంపు కొడతాంది, ఆ నీళ్ళు పారబోస్తుండా అని. దాని పక్కనే మంచం మీద నేను వింటానే ఉండా. అది రాయి."