జామీనుకు పోయిన పెంచలయ్య

ఖబూరా దాటి రెండు మైళ్లు వచ్చాక, హైవే అంచున రెక్సిన్ సంచీ భుజాన వేసుకుని నడుస్తున్న ఒక మనిషిని దాటేసి వెళ్లిపోయాడు నిసార్ అహ్మద్. అద్దంలో చూస్తే తలకు చుట్టిన తువ్వాలు ఎక్కడో చూసినట్టే ఉంది. ఒమాన్‌లో కడప జిల్లా ముడి వేసేవాళ్లు ఎందరుంటారు గనక! మెల్లగా బ్రేకు తొక్కాడు. సహమ్ ఫారం నుంచి సీబ్ దుకాణాలకు పోతున్న ఎనిమిది వేల కోడిగుడ్లున్నాయి వెనకాల. గుడ్ల బండివాడికి ఆశ్చర్యం కలిగినా మెల్లగానే కలగాలి.

"పెంచలన్నా! యాడికన్నా నడుసుకుంటా? కాలినడకన వస్తానని ఏ దేవునికన్నా మొక్కినావా?"

ఆ మనిషి తలెత్తాడు. "నిసారూ... ఊర్నించి ఎప్పుడొచ్చినావు?"

"పదైదు దినాలాయె. ఎక్కు, ఎక్కు!"

రాజంపేట దగ్గరి పల్లె మనిషి పెంచలయ్య. యాభై ఎనిమిదేళ్లు. పద్దెనిమిదేళ్లుగా సీబ్‌లో ఒకే ఇంట్లో డ్రైవరు. ఆ ఇంటి యజమానురాలు హుస్నా టీచరు గాజాలో పుట్టి, ఇక్కడికొచ్చి పాఠాలు చెప్పుకుంటున్న విధవ. ప, చ పలకని అరబ్బు నోటికి పెంచలయ్య 'బెన్షల్' అయ్యాడు. నిసార్‌ది కడప టౌను. మోకాలి ఆపరేషనుకని నిరుడు చలికాలం ఇంటికి పోయి, పది నెలలుండి, కొత్త వీసా మీద మళ్లీ వచ్చాడు. అంతకుముందు ప్రతి శుక్రవారం సీబ్ సూక్ బజారులో ఒక మలయాళీ కెఫ్టీరియాలో, టీవీ కింద, వీళ్లిద్దరూ వాదించుకునేవారు. గాజా యుద్ధం మాటలతో ఆగుతుందా, ఆగదా. ఆగుతుందని పెంచలయ్య. ఆగదని నిసార్. "రెండు చాయ్‌లు తాగి రెండు దేశాలు పంచుతున్నారు, మూడో చాయ్ తాగితే నాకూ ఒక దేశం ఇవ్వండి" అని కొట్టువాడు ఎగతాళి చేసేవాడు.

ఇది వాదాలకు అచ్చొచ్చిన దేశం. ఇక్కడ చేదు కాఫీ చిన్న గిన్నెలో పోసి, ఖర్జూరం చేతికిచ్చి, పిల్లల క్షేమం, ఒంటెల క్షేమం అడిగాక గానీ వచ్చిన పని అడగరు. పగవాళ్లిద్దరూ ఒకే పళ్లెంలో చెయ్యిపెట్టేదాకా తొందరపడరు. పెంచలయ్యకు ఆ పద్ధతి చూడగానే నచ్చింది. అది వాళ్ల ఊరి పద్ధతిలాగే ఉందనేవాడు.

వాళ్ల ఊరి కథ నిసార్‌కు కంఠతా వచ్చు. బావి నీళ్ల వంతు దగ్గర మొదలై రెండిళ్ల మధ్య ఆరేళ్లు నడిచిన పగ. అయిదుగురు పోయారు. వాళ్లలో ఒకడు పెంచలయ్య సొంత అన్న. చివరికి పొరుగూరి పెద్దలు ఎవరి ఊరూ కాని చోటని రైల్వే స్టేషను షెడ్డులో కూర్చోబెట్టి రాజీ చేశారు. రాజీ అన్న క్షణాన కత్తి దించాలి. దించుతారన్న పూచీ ఏమిటి? ఈ ఇంటి పిల్లవాడు ఆ ఇంట్లో, ఆ ఇంటి పిల్లవాడు ఈ ఇంట్లో నలభై రోజులు పడుకోవాలి. దాన్ని జామీనుకు పోవడం అంటారు. పదిహేడేళ్ల పెంచలయ్య జామీనుకు పోయాడు, తన అన్నను చంపినవాడి ఇంటికే. ఆ చంపినవాడి తల్లి రోజూ సంగటి ముద్ద వడ్డించి, దాంట్లోంచి చిటికెడు తుంచి ముందు తాను తినేది, విషం లేదని. నలభై రోజులూ తిన్నది. నలభై ఒకటో రోజు, అలవాటు కొద్దీ, తిరిగి వెళ్లిపోతున్న పిల్లవాడి సద్దిమూటలోంచీ తుంచి తిన్నది. ఆ తర్వాత ఆ ఊళ్లో రక్తం పడలేదు.

"చంపినోనితోనే కూర్చోవాల నిసారూ. చంపనోనితో రాజీ ఎందుకు?" అనేవాడు పెంచలయ్య. "అవతల పక్క గూడా బందీలుగా పోయిన పిల్లోల్ల కోసం వాకిట్లో కూర్చున్న తల్లులుండారు."

"మీది రెండిండ్ల తగాదా అన్నా. ఆడ ఒకనికి విమానాలుండాయి, ఇంకొకనికి కూలిన గోడలుండాయి. సరిసమానం గానోళ్ల మధ్య రాజీ ఏంది? దాన్ని లొంగిపోవడమంటారు" అనేవాడు నిసార్. ఆ మాట అన్నాక గెలిచినట్టే సమోసా కొరికేవాడు.

ఇవాళ నిసార్ ఓడిపోవడానికి సిద్ధంగా ఉన్నాడు, సంతోషంగా. "అన్నా, నువ్వే గెలిచినావుపో! మళ్లా ఒప్పందమయ్యిందంట గదా. టీవీలో నిన్నంతా అదే. ఈ శుక్రవారం నీకు ఒంటె మాంసం నేను తినిపిస్తా."

సువైక్ బోర్డు వెనక్కి పోయింది. ఎడారి గాలికి వ్యాను ఊగితే ట్రేలు కిర్రుమన్నాయి.

"బండి జూసి తోలు" అన్నాడు పెంచలయ్య చివరికి. ఆ తర్వాత, అడక్కుండానే చెప్పాడు.

"నువ్వు ఊరికి పోయినాంక. జనవరి. బుధవారం ఒప్పందమన్నారు, ఆదివారం నుంచి అమలన్నారు. గురువారం నేను మేడమ్‌ను ఇస్కూలు నుంచి తెస్తాండా. ఆమె తమ్ముడు ఫాయెజు ఫోన్ చేసినాడు, గాజాలో డేరాలోంచి. నాతో గూడా మాట్లాడేవాడు గదా, నా రాజీ కథంటే పిచ్చి వానికి. డేరాకూ ఇంటికీ మూడు కిలోమీటర్లు. ఇల్లు కూలింది గాని గోడ కింద దుప్పట్లుండాయంట. పిల్లోల్లు చలికి వణకతాండారు, పోయి తెచ్చుకుంటానన్యాడు. మేడమ్ ఆదివారం దాకా ఆగమన్నాది. వాడు నవ్వి, 'బెన్షల్, మీ ఊరి చట్టం ఏమంటాది?' అన్యాడు."

నిసార్ వేగం తగ్గించాడు.

"ఖలాస్, అన్న్యా. రాజీ అయిందంటే చెయ్యెత్తరు, పోయి తెచ్చుకో అన్న్యా. మేడమ్ ఇంగేం మాట్లాడలేదు. శనివారం పొద్దున పోయినాడు, ఆడ బాంబు పడింది. దుప్పట్లు గూడా దొరికినాయంట. వాని మీదనే కప్పినారు."

చరిత్ర పుస్తకాల్లో సంధుల తేదీలుంటాయి. మొదటి ప్రపంచ యుద్ధం ఆఖరి రోజు తెల్లవారుజామున అయిదింటికి సంతకాలయ్యాయి, పదకొండింటికి గానీ తుపాకులు ఆగలేదు. ఆ ఒక్క రోజే పోయినవాళ్లు రెండు వేల పైచిలుకు. పిల్లలు పరీక్షల్లో సంధి జరిగిన ఏడాది రాస్తారు, మార్కులు పడతాయి.

"నీ మాట విని పోలేదన్నా వాడు. పిల్లోల్ల చలి సూడలేక పోయినాడు" అన్నాడు నిసార్.

"మేడమ్ గూడా అదే అన్నాది. నీ తప్పు గాదు బెన్షల్ అన్నాది. తిట్టింటే బాగుండు." తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు. "నేను మర్సిపోయిన్యా నిసారూ. రాజీ అన్నారంటే జామీను పెట్టేసింటార్లే అనుకున్న్యా. ఆడ ఎవురూ పెట్టలేదు. ఎవుని బిడ్డా ఎవురింట్లో పండుకోలేదు. ఆ నాలుగు దినాలకు జామీను లేదు."

"ఈసారి పెద్ద పెద్ద దేశాలు పూచీపడి సంతకాలు చేసినాయంటాండారు గదా."

"చేసినోని బిడ్డ యాడ పండుకున్నాడు?"

నిసార్‌కు మాట ఆపడానికి మనసు రాలేదు. "అన్నా, ఇది మాటలతోనే ఆగాల. ఇంకెట్ల ఆగుతాది? అందరూ సచ్చిపోయినా ఆగుతాది గాని, దాన్ని ఆగడమంటారా?" అన్నాక తనకే వింతగా అనిపించింది. ఏడాదికి పైగా తాను కొట్టిపారేసిన వాదాన్ని, దాని సొంతదారుడికే అమ్మజూస్తున్నాడు. "అయినా సీబ్ నుంచి ఇంత దూరం, సోహార్ పక్క నీకేం పనన్నా?"

"ఫాయెజు పెండ్లాము, ఇద్దరు పిల్లోల్లు ఇంకా డేరాలోనే ఉండారు. ఇంటి తావుకు పోదామా వద్దా అని నిన్నట్నుంచి ఫోన్లు. కారులో ఎనక సీట్లోంచి మేడమ్ అడిగింది. 'బెన్షల్, ఈసారి ఏమంటావు?' అని. ఇంటికాడ దించినా, తాళాలు బల్ల మీద పెట్టినా, పొద్దున్నే సోహార్ బస్సెక్కినా. ఫ్యాక్టరీ బస్సు తోలే పని అడిగితే హెవీ లైసెన్సు కావాలన్నారు. వచ్చేటప్పుడు బస్సులో అందరిదీ ఇదే చర్చ. ఆగుతాదా, ఆగదా. పక్కనోడు నన్నే అడిగినాడు, పెద్దాయనా నువ్వేమంటావని. దిగేసినా."

"మేడమ్ నిన్ను నమ్మి అడగలేదన్నా. నువ్వా మాట మోస్తాండావని తెలుసు ఆమెకు. దించుకోమని అడిగింది."

"తెలుసు" అన్నాడు పెంచలయ్య. "అందుకే పారిపోయొచ్చినా."

బర్కా దాటారు. సీబ్ మలుపు దగ్గర, ఆఫీసులు వదిలే వేళ, బండ్లు గొలుసుకట్టుగా ఆగిపోయాయి. పెంచలయ్య జేబులో ఫోను మోగింది. మోగి ఆగింది. మళ్లీ మోగింది. తీసి చూసుకుని, నిసార్ అరచేతిలో పెట్టాడు.

"నువ్వు చెప్పు. ఏడాది పొడుగునా చెప్పినావు గదా, అడిగినోనికీ అడగనోనికీ."

నిసార్ ఎత్తాడు. అవతల ముందు నిట్టూర్పు వినిపించింది. "బెన్షల్? పొద్దుట్నుంచి ఏమైనా తిన్నావా?"

పెంచలయ్య స్నేహితుణ్నని, ఆయన పక్కనే ఉన్నాడని, వచ్చిన అరబ్బీలో చెప్పాడు నిసార్.

"అల్ హమ్దులిల్లాహ్. అయితే ఆయన్ని అడుగు నాయనా. పిల్లలు రేపు పొద్దున బయల్దేరతామంటున్నారు. చలి మొదలయ్యేలోగా ఇంటి తావులో ఏదో ఒకటి కప్పుకుంటారట. వెళ్లమని చెప్పనా, వద్దననా?"

నిసార్ నోరు తెరిచాడు. కెఫ్టీరియాలో ఎన్నడూ తడుముకోని నాలుక అది. ఆగుతుందని అంటే ఇద్దరు పిల్లలు నడుస్తారు. ఆగదంటే ఇంకో చలికాలం ఆ డేరాలో. పక్కకు తిరిగాడు.

తలుపు తెరిచి ఉంది. పెంచలయ్య అప్పటికే సంచీ భుజాన వేసుకుని, ఆగిన కార్ల మధ్య నుంచి, హుస్నా టీచరు ఇల్లున్న వైపు కాకుండా సముద్రం వైపు నడుస్తున్నాడు.

"ఏమంటున్నాడు?" అంది ఫోనులో ఆమె.

వెనకాల హారన్లు మొదలయ్యాయి. "అన్నా!" అని కేకేశాడు నిసార్. పెంచలయ్య వెనక్కి చూడలేదు. ఒక లారీ ముందుకు కదిలి అడ్డమొచ్చింది. అది దాటేసరికి అతను రోడ్డుకు అవతలి అంచున ఉన్నాడు, నడుస్తూనే.