కట్టు విప్పిన కాలు

సిమెంటు కట్టును రెండు చెక్కలుగా విడదీయగానే ముందు వాసన వచ్చింది. తడిసిన గోనెసంచిని మూలన పడేసి నెల తర్వాత ఎత్తితే వచ్చే వాసన. ఆసుపత్రి గదిలో ఇంకెవరి నుంచో అనుకుని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. కట్టు విప్పుతున్నతను నవ్వాడు. "మీ కాలిదేనమ్మా" అన్నాడు.

అప్పుడు చూశాను. తొడ సగం నుంచి పాదం దాకా చర్మం పచ్చగా, చేప పొలుసుల్లా పెచ్చులు కట్టి ఉంది. ఆ పెచ్చుల్లోంచి వెంట్రుకలు నల్లగా, పొడుగ్గా పొడుచుకొచ్చాయి. పిక్క అనేది లేదు. అది ఉండాల్సిన చోట వదులు చర్మం ఖాళీ సంచిలా వేలాడుతోంది. గుడ్డ కప్పమని మా ఆయనతో చెప్పి ముఖం గోడవైపు తిప్పుకున్నాను.

నేను కడపలో ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. ఎండలు ముదరకముందు ఒక ఉదయం, సబ్బునీళ్లు పోసిన పెరటి బండల మీద జారిపడి మోకాలి కింద ఎముక విరగ్గొట్టుకున్నాను. రెండు నెలలు కట్టు. కడప ఎండలో కట్టులోపల చెమట పట్టి దురద పుట్టేది. ఓర్చుకోలేక పిల్లల ప్లాస్టిక్ స్కేలు లోపలికి దూర్చి గోక్కునేదాన్ని. బయటికి తీస్తే దాని అంచుకు బూడిదరంగు జిగురు అంటుకుని ఉండేది. దాన్ని ఎవరికీ చూపించలేక నేనే తుడిచేదాన్ని. అదే స్కేలును మళ్లీ సాయంత్రం దూర్చేదాన్ని.

నన్ను చూసుకోవడానికి అత్తయ్య వచ్చింది. ఆమెది మగ్గాల ఊరు. నలభై ఏళ్లు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని, కింది పలకలు తొక్కుతూ చీరలు నేసిన మనిషి. డెబ్బై దాటినా పిక్కలు రాళ్లలా ఉంటాయి. వాటిమీద నీలి నరాలు ముడులు పడి ఉంటాయి. మడమల పగుళ్లలో ఎంత కడిగినా పోని నలుపు. ఆమె చీర ఎగ్గట్టి ఇల్లు కడుగుతుంటే నేను అటు చూసేదాన్ని కాదు. పెళ్లయిన కొత్తలోనూ అంతే. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఆ కాళ్లంటే నాకు వెగటు.

కట్టు విప్పిన మరునాడు ఆమె నువ్వులనూనె గోరువెచ్చగా చేసి తెచ్చి నా కాలి పక్కన కూర్చుంది.

"వద్దత్తా, నేనే చేసుకుంటా" అన్నాను.

"నువ్వు చూసేదానికే మొగం తిప్పుకుంటాండావు. ఇంగ కడిగేదెట్ల?" అంది.

నూనె నానాక తడిగుడ్డతో రుద్దింది. పెచ్చులు మట్టిపురుగుల్లా చుట్టుకుని రాలాయి. కింద పరిచిన పాత పంచె నిండింది. ఆమె ఒక్కసారి కూడా ముక్కు చిట్లించలేదు. ఆ పని అయ్యాక ఆ చేతులతోనే అన్నం కలుపుతుందేమోనని నాకు భయం. సబ్బుతో కడుక్కుందో లేదో చెవులు రిక్కించి విన్నాను.

వారం తర్వాత ఫిజియోథెరపీ చేసే అబ్బాయి ఇంటికి రావడం మొదలుపెట్టాడు. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, "దాన్ని కిందికి నొక్కండి టీచరమ్మా" అన్నాడు. నొక్కాను. అంటే, నొక్కమని మనసులో అనుకున్నాను. తొడ మెత్తటి పిండిముద్దలా పడి ఉంది. ఎన్నోసారికో చర్మం కింద ఏదో సన్నగా వణికింది. నాకు ఒళ్లు జలదరించింది.

"కదిలింది చూడండి! కండకు పని చెప్పకపోతే అది కరిగిపోతాది. ఇప్పుడు మీ మాట మళ్లీ ఇంటాండాది" అన్నాడు సంతోషంగా.

పదిహేనేళ్లుగా ఆ పాఠం చెబుతున్నాను. కండరం దారాల కట్ట అని, ఆ దారాల్లో ఇంకా సన్నని పోగులు ఒకదానిమీద ఒకటి జారితే కండ పొట్టిదవుతుందని బోర్డు మీద బొమ్మ గీస్తాను. బొమ్మలో ఎర్ర సుద్దముక్క ఉంటుంది. వాసన ఉండదు.

ఒక ఆదివారం అత్తయ్య నాకు బలమని కోడికాళ్లు తెప్పించింది. వాకిట్లో కూర్చుని వాటి పచ్చతోలు వలుస్తోంది. అప్పుడే వచ్చిన ఫిజియో అబ్బాయి ఒక కాలు అడిగి తీసుకున్నాడు. కోసిన చివర వేలాడుతున్న తెల్లటి తీగను గోళ్లతో పట్టి లాగాడు. చచ్చిన కోడి వేళ్లు ముడుచుకున్నాయి.

"ఇది నరం కాదవ్వా, కండను ఎముకకు కట్టే తాడు. వెనకది లాగితే ముడుచుకుంటాది. ముందుది లాగితే ఇచ్చుకుంటాది. కండకు లాగేదే తెలుసు, తోసేది తెలీదు. అందుకే రెండు పక్కలా కావాల."

అత్తయ్యకు భలే నచ్చింది. తనూ ఒకటి పట్టుకుని నాలుగుసార్లు లాగి చూసింది. "ఏమప్పా, మేం పలకలు తొక్కినన్నాళ్లూ లోపల జరిగింది ఇదేనా!" అంది. నాకు ఆ ముడుచుకునే గోళ్లు చూసి వాంతి వచ్చింది. ఆ రోజు పులుసు ముట్టలేదు.

ఆ మధ్యాహ్నం అత్తయ్య మంచం చివర గోడకు ఆనుకుని కూర్చుంది. నా మోకాలు వంచి, తన అరికాలును నా అరికాలికి ఆనించింది.

"తొక్కు."

పగుళ్లు గరుకుగా గుచ్చుకున్నాయి. కాలు వెనక్కి లాక్కున్నాను.

"అసయ్యమా?" అంది. కోపంగా కాదు, ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు.

అబద్ధం చెప్పలేకపోయాను. "ఊఁ" అన్నాను.

"ఉండనీ. అసయ్యపడుకుంటానే తొక్కు."

కళ్లు మూసుకుని తొక్కాను. ఆమె కాలు గోడలా నిలబడింది. ఒక్క వేలెడు కూడా జరగలేదు. నా తొడ ముందు కండ బిగుసుకుని, వణికి, వదిలేసింది. నేను తోస్తున్నాననుకున్నాను. లోపల మాత్రం ఆ కండ లాగుతోంది, మోకాలు చాచుకోవాలని చూస్తోంది. డెబ్బై దాటిన ఆమెకు శ్వాస కూడా మారలేదు. ఎన్ని చీరలకు ఎన్నిసార్లు తొక్కి ఉంటుందో ఆ కాలు. నా ఒళ్లంతా చెమట పట్టింది.

రోజూ పొద్దునా సాయంత్రం అదే పని. గరుకు నాకు అలవాటు కాలేదు. ప్రతిసారీ మొదటి తాకిడికి పళ్లు బిగించేదాన్ని. నెలన్నర గడిచాక ఒకరోజు ఆమె మోకాలు కాస్త వంగింది. "శానా గట్టిగా తొక్కుతాండావే!" అని నవ్వింది. నన్ను సంతోషపెట్టడానికి వంచిందేమో అడగలేదు.

బడి తెరిచాక కర్ర పట్టుకుని వెళ్లాను. దసరా నాటికి కర్ర వదిలేశాను. అత్తయ్య అంతకుముందే ఊరికి వెళ్లిపోయింది. నా ఎడమ పిక్క ఇప్పటికీ కుడిదానికంటే సన్నం. స్నానం చేసేటప్పుడు ఆ కాలికి సబ్బు రాయడం ఇప్పటికీ నాకు ఇష్టం ఉండదు. అయినా వేళ్ల సందుల దాకా నేనే రుద్దుకుంటాను, చూస్తూనే.